కొట్టేసిన వాక్యం

పదిహేడేళ్లుగా నా చేతి కింద ఒక వాక్యం బతుకుతోంది.
వాన పడకపోతే అదే, పడి ముంచితే అదే,
వేరుశనగ మాడినా, ఉల్లిగడ్డ కుళ్లినా
"ప్రజలు ఆందోళన చెందవలసిన అవసరం లేదు."
నిద్రలో లేపి అడిగినా
నా వేళ్లు దాన్ని టైపు చేసి పెడతాయి.

ఆదోని. ఆషాఢం. మంగళవారం.
నల్లబండ వీధి నుంచి పొద్దున పంతొమ్మిది మంది
వాంతులతో ఆసుపత్రికొచ్చారు.
మధ్యాహ్నానికి నలభై ఒకటి.
అప్పటికే ఫోన్లలో ఒక గొంతు తిరుగుతోంది:
ట్యాంకులో కోతి పడి చచ్చిందంట,
కాదు, మందు కలిపినారంట,
అవతలి వీధోళ్ల పనేనంట.
ఆ గొంతుకు ఫైలు అక్కర్లేదు.
నా ప్రెస్ నోటుకు నాలుగు సంతకాలు కావాలి.

"యుద్ధప్రాతిపదికన అని మొదలుపెట్టండి మేడమ్,
పరిస్థితి అదుపులో ఉందని ముగించండి" అన్నారు సారు.
కారణం ఏమని రాయను?
"ఇంకా తెలీదు. శాంపిళ్లు కర్నూలు పోయినాయి.
రిపోర్టు గురువారం."
అదే రాస్తాను సార్. తెలీదని. గురువారమని.
ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.
"తెలీదని గవర్నమెంటు ఎక్కడైనా రాస్తుందా?"

హైదరాబాదు శిక్షణలో చెప్పారు మాకు,
ముందు చెప్పు, ఉన్నది చెప్పు, ఏం చేయాలో చెప్పు.
శ్రద్ధగా రాసుకున్నాను.
ఆ రోజు భోజనం బాగుండింది.
రాసుకున్న పుస్తకం ఎక్కడ పెట్టానో!

బయట మైకు ఆటో ఉరుకుందప్ప కాచుకోనున్నాడు.
చీరల సేలుకీ సర్కసుకీ వాడిదే గొంతు.
చదివి వినిపించాను:
"కలుషిత జలాల సేవనం వలన..."
"సేవనం అంటే ఏందమ్మా?"
తాగడం.
"జలాలంటే కాలవా, కొళాయా?"
కొళాయి.
"మడి అట్లే రాయరాదా?"
బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని అన్నాడు:
"నా ఆటో ఒక ఇంటి ముందర ఉండేది ఆరు సెకన్లు.
అంతలో పట్టేది ఇయ్యి తల్లీ.
మిగిలింది పక్కింటోళ్లకు పోతాది,
వాళ్లకు మొదలు తెలీదు, వీళ్లకు చివర తెలీదు."

ఆటో సీటు మీదే కాగితం పరిచి
పదిహేడేళ్ల వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను.
అది పోతే నోట్లో పన్ను ఊడినట్టే ఉంది,
నాలిక పదే పదే అక్కడికే పోతోంది.

కొళాయి నీళ్లు తాగొద్దండి.
కాంచి తాగండి.
జబ్బు ఎందుకొచ్చిందో ఇంకా తెలీదు,
గురువారం మళ్లీ వచ్చి చెప్తాం.
కింద ఒక ఫోను నంబరు. నాదే.

సారు ఒప్పుకున్నారో, నా మొహం చూసి విసిగిపోయారో,
పచ్చ ఇంకు మాత్రం పడింది.
ఆశా కార్యకర్త ఖైరున్‌బీ ఆటో ఎక్కింది.
"పానీ ఉబాల్‌కే పీనా" ఒక సందులో,
"నీరు కాసి కుడీరి" ఇంకో సందులో,
మూడు భాషల్లో ఒకే భయం
మొదటిసారి ఒకే మాట మీద నడిచింది.

మర్నాడు పేపర్లో పెద్దక్షరాలు:
"అధికారులకే తెలియదట!"
సారు ఆ పేజీని నా బల్ల మీద పెట్టి
ఏమీ అనకుండా వెళ్లారు.
అన్నా బాగుండేది.

ఫోను మాత్రం ఊరుకోలేదు.
కోతి సంగతి అడిగినోళ్లు పదిమంది,
గ్యాసు డబ్బులు ఎవరిస్తారని ఒక ముసలాయన,
తిట్టడానికే చేసినోడు ఒకడు.
అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను,
రెండో నోటుకు అదే చిత్తు.

రాత్రి పన్నెండు దాటాక ఒక ఆడమనిషి.
హనుమక్కంట. బిడ్డ ఇప్పుడే పండుకుందంట.
"మేడమ్, బుడగలొచ్చినాయి. దించొచ్చా?"
ఎంతసేపు కాంచాలో నోటులో నేను రాయనే లేదు.
ఇంకొంచేపు ఉండనీ అక్కా, అన్నాను.
ఆమె ఫోను పెట్టెయ్యలేదు,
పొయ్యి పక్కన పెట్టినట్టుంది.
గిన్నె మీద మూత టకటకమంటోంది.
"ఇప్పుడు?"
ఇంకో నిమిషం.
గోడ గడియారంలో ముల్లును చూస్తూ నేను,
అక్కడ ఆమె.